‘లవింగ్’ సినిమాలో కోర్టు ఎక్కడ?

వెన్నెలవాకిలి (ప్రశ్న):

జెఫ్ నికల్స్ 2016లో తీసిన ‘లవింగ్’ సినిమాను నిన్న రాత్రి అమ్మతో కలిసి చూశాను. వర్జీనియాలోని ఒక పల్లెకు చెందిన తెల్లజాతి తాపీమేస్త్రి రిచర్డ్ లవింగ్, అదే ఊరి నల్లజాతి అమ్మాయి మిల్‌డ్రెడ్ జీటర్ 1958లో పెళ్లి చేసుకుని, ఆ పెళ్లి చేసుకున్నందుకే జైలుపాలై, చివరికి 1967లో సుప్రీంకోర్టు చేత జాత్యంతర వివాహాల మీద ఉన్న నిషేధాన్ని అమెరికా అంతటా కొట్టివేయించిన నిజమైన కథ ఇదని తెలిసి, హోరాహోరీ వాదనలు ఉంటాయని ఎదురుచూస్తూ కూర్చున్నాను. రెండు గంటలు గడిచాక తలుచుకుంటే కళ్ల ముందు మిగిలినవి ఇటుకలు, వంటగది, కార్ల ఇంజన్లు, రాత్రిపూట కీచురాళ్ల మోత. సుప్రీంకోర్టు ఇలా వచ్చి అలా వెళ్లిపోయింది. వాదన జరిగే రోజున ఆ కేసు ఎవరిదో వాళ్లే కోర్టులో లేరు. సగం సినిమా అయ్యాక అమ్మ, “ఈ అబ్బాయి నోరు విప్పేది ఎప్పుడే?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

నాకు అర్థం కాని విషయాలు కొన్ని ఉన్నాయి. వాళ్లు దేశ రాజధాని వాషింగ్టన్‌లో చట్టప్రకారం పెళ్లి చేసుకుని, ధ్రువపత్రాన్ని పటం కట్టించి పడకగది గోడకు తగిలించుకున్నారు కదా, అర్ధరాత్రి తలుపు బద్దలుకొట్టి వచ్చిన షరీఫ్ (కౌంటీ, అంటే జిల్లా, పోలీసు అధికారి) “ఇది ఇక్కడ చెల్లదు” అని ఎలా అనగలిగాడు? ఒకే దేశంలో ఒక చోట చెల్లిన పెళ్లి పక్క రాష్ట్రంలో నేరం ఎలా అవుతుంది? పైగా వాళ్లు మొదటి విచారణలోనే నేరం ఒప్పుకున్నారు. ఒప్పుకున్న కేసు ఎనిమిదేళ్ల తర్వాత సుప్రీంకోర్టు దాకా ఎలా వెళ్లింది? వాదన వినడానికి భార్యాభర్తలు నిజంగానే వెళ్లలేదా, లేక అది దర్శకుడు కల్పించిన ముచ్చటా?

వీటన్నిటికంటే పెద్ద సందేహం సినిమా గురించే. హక్కుల కోసం పోరాడిన జంట కథలో పోరాటాన్ని ఇంతగా పక్కకు నెట్టేస్తే అది నిగ్రహం అనుకోవాలా, లోపం అనుకోవాలా? చట్టం తెలిసినవారూ, సినిమా తెలిసినవారూ ఇద్దరూ చెప్పాలని కోరుతున్నాను.

నల్లకోటు:

సినిమా సంగతి తెలిసినవారికి వదిలేసి, నేను చట్టం వరకే చెబుతాను. చాలామంది పొరబడే చిన్న విషయం ముందుగా చెప్పాలి. ‘లవింగ్’ అనేది ప్రేమను ఉద్దేశించి పెట్టిన పేరు కాదు, వాళ్ల ఇంటిపేరు. కేసు పేరు ‘లవింగ్ వర్సెస్ వర్జీనియా’. ఇలాంటి కేసుకు ఇలాంటి పేరు కుదరడం ఏ రచయిత కల్పించినా అతిగా ఉందని మనమే కొట్టిపారేసేవాళ్లం.

వాషింగ్టన్‌లో జాత్యంతర వివాహాల మీద నిషేధం లేదు కనుక 1958 జూన్ 2న వాళ్లు అక్కడికి వెళ్లి పెళ్లి చేసుకున్నారు. అయితే వర్జీనియా ఆ దారిని ఎప్పుడో మూసేసింది. ఆ రాష్ట్ర చట్టంలో మూడు సెక్షన్లు ఒకదానికొకటి కాపలా కాస్తుండేవి. 20-57 ప్రకారం తెల్లవారికీ ఇతర జాతివారికీ మధ్య జరిగిన పెళ్లి, ఏ కోర్టూ రద్దు చేయనక్కరలేకుండా, దానంతట అదే చెల్లనిది. 20-58 ప్రకారం, అలాంటి జంట పెళ్లి కోసమే రాష్ట్రం దాటి వెళ్లి, మళ్లీ తిరిగివచ్చి భార్యాభర్తలుగా కాపురం చేస్తే, ఆ పెళ్లి వర్జీనియాలోనే జరిగినట్టు లెక్కగట్టి శిక్షించవచ్చు. 20-59 ప్రకారం శిక్ష 1 నుంచి 5 ఏళ్ల జైలు. అంటే షరీఫ్ గార్నెట్ బ్రూక్స్ ఆ రాత్రి గోడమీది పటాన్ని చూసి “చెల్లదు” అన్నది అతని దురుసుతనం ఒక్కటే కాదు, రాష్ట్ర చట్టం కూడా అదే మాట అంటోంది. నిజానికి ఆ పటమే వాళ్లమీద సాక్ష్యం. పెళ్లి జరిగిందని రుజువు చేసే కాగితమే నేరం జరిగిందని కూడా రుజువు చేసింది.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచనా కాదు. 1874లో ఆండ్రూ కినీ అనే నల్లజాతి వ్యక్తీ, మహాలా మిల్లర్ అనే తెల్లజాతి స్త్రీ సరిగ్గా ఇలాగే వర్జీనియా నుంచి వాషింగ్టన్‌కు వెళ్లి పెళ్లి చేసుకుని తిరిగివచ్చారు. వారి మీద పడిన శిక్షను వర్జీనియా అత్యున్నత న్యాయస్థానం 1878లో సమర్థించింది. లవింగ్ దంపతులు ఎనభై నాలుగేళ్ల తర్వాత అదే దారిలో నడిచి అదే గోతిలో పడ్డారు.

ఒక రాష్ట్రంలో చెల్లిన పెళ్లిని మరో రాష్ట్రం గౌరవించాలి కదా అని మీరు అడిగారు. మామూలుగా గౌరవిస్తాయి. కానీ తమ ప్రజానీతికి తీవ్రంగా విరుద్ధమనుకున్న పెళ్లిళ్లను తోసిపుచ్చే వెసులుబాటును రాష్ట్రాలు తమకు తాము ఇచ్చుకున్నాయి, వివాహం రాష్ట్రాల పరిధిలోని విషయమన్న వాదనతో సుప్రీంకోర్టు కూడా దశాబ్దాల తరబడి అందులో వేలు పెట్టలేదు. 1883లో అలబామా కేసులో, వివాహం లేకుండా సహజీవనం చేసిన జాత్యంతర జంటకు ఇతరులకంటే ఎక్కువ శిక్ష వేసినా తప్పులేదన్నది. ఆ జంటలో ఇద్దరికీ శిక్ష సమానమే కనుక వివక్ష లేదట. ఈ ‘ఇద్దరికీ సమానమే’ అన్న వాదనను గుర్తుపెట్టుకోండి, 1967లో వర్జీనియా మళ్లీ దాన్నే పట్టుకుని వచ్చింది.

ఇక నేరం ఒప్పుకోవడం గురించి. 1959 జనవరి 6న వాళ్లు కెరొలైన్ కౌంటీ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. జడ్జి లియాన్ బాజీల్ ఒక ఏడాది జైలుశిక్ష వేసి, ఇద్దరూ రాష్ట్రం విడిచి వెళ్లి 25 ఏళ్ల పాటు కలిసిగానీ, ఒకే సమయంలోగానీ తిరిగి రాకూడదన్న షరతుతో దాని అమలును నిలిపివేశాడు. విడివిడిగా రావచ్చు, కలిసి రాకూడదు. కోర్టు దృష్టిలో వాళ్లిద్దరిలో ఎవరూ నేరస్థులు కారు, వాళ్ల జంట మాత్రం నేరమన్నమాట. అప్పీలు చేసుకునే గడువు అలాగే గడిచిపోయింది. మిల్‌డ్రెడ్ 1963లో అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీకి ఉత్తరం రాయడం, ఆయన కార్యాలయం పౌరహక్కుల సంస్థ అయిన అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్‌ను సంప్రదించమనడం, అక్కడి నుంచి బెర్నార్డ్ కోహెన్ అనే యువ న్యాయవాదికి కేసు చేరడం సినిమాలో చూశారు. అప్పటికి కోహెన్ ముందున్న చిక్కు మీరు అడిగినదే. ఒప్పుకున్న కేసును, గడువు దాటిన కేసును, ఏ పేరుతో తిరగదోడాలి?

జవాబు ఆ శిక్షలోనే దొరికింది. శిక్ష అమలు 25 ఏళ్లు నిలిచిపోయింది కనుక ఆ 25 ఏళ్లూ అది ఆ కోర్టు చేతిలోనే ఉన్నట్టు, కాబట్టి దాన్ని మార్చమనీ, కొట్టివేయమనీ అడగవచ్చు. 1963 నవంబర్ 6న ఆ అభ్యర్థన దాఖలైంది. బాజీల్ దాన్ని దాదాపు ఏడాది పాటు అటూ ఇటూ తేల్చకుండా ఉంచేశాడు. ఈలోపు ఫిలిప్ హర్ష్‌కాప్ అనే మరో యువ న్యాయవాది చేతులు కలిపాడు, ఇద్దరూ 1964 అక్టోబర్‌లో ఫెడరల్ (కేంద్ర) కోర్టు తలుపు తట్టారు. ఆ ఒత్తిడి మీద 1965 జనవరి 22న బాజీల్ నిరాకరిస్తూ ఒక తీర్పు రాశాడు. దేవుడు జాతులను వేరువేరు ఖండాల్లో ఉంచాడు కనుక అవి కలవకూడదన్నది ఆయన ఉద్దేశమని అందులో ఉన్న మాటలు సినిమాలో కూడా వినిపిస్తాయి. న్యాయవాదులకు ఆ తీర్పు ఓటమి కాదు, పైకోర్టుకు వెళ్లడానికి టికెట్. 1966 మార్చి 7న వర్జీనియా అత్యున్నత న్యాయస్థానం చట్టాన్ని సమర్థించింది, 1967 ఏప్రిల్ 10న వాషింగ్టన్‌లో వాదనలు జరిగాయి, జూన్ 12న ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ తొమ్మిదిమంది తరఫున ఏకగ్రీవ తీర్పు చదివారు.

‘ఇద్దరికీ సమానమే’ అన్న వాదన అక్కడ కుప్పకూలింది. వర్జీనియా చట్టం తెల్లవారు ఉన్న జంటలనే నిషేధించింది తప్ప, ఇతర జాతులవారు ఒకరినొకరు పెళ్లాడితే దానికి ఏ అభ్యంతరమూ లేదు. జాతుల స్వచ్ఛతే నిజమైన ఆందోళన అయితే అన్ని జాతుల స్వచ్ఛతా కాపాడాలి కదా? అది చేయలేదు కనుక ఇది తెల్లజాతి ఆధిపత్యం కోసం పెట్టిన చట్టమేనని తీర్పు సూటిగా అన్నది. రాజ్యాంగ 14వ సవరణలోని సమాన రక్షణ సూత్రానికీ, స్వేచ్ఛను అకారణంగా హరించరాదన్న సూత్రానికీ రెండింటికీ అది విరుద్ధమని తేల్చింది. ఆ రోజుకు 16 రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలు మిగిలి ఉన్నాయి, అవన్నీ ఆ పూటే నిర్జీవమయ్యాయి.

మీరు అడిగిన చివరి ముచ్చట నిజమే. వాదన వినడానికి వాళ్లు వెళ్లలేదు. తన భార్యను తాను ప్రేమిస్తున్నానని కోర్టుకు చెప్పమనీ, వర్జీనియాలో ఆమెతో కలిసి బతకలేకపోవడం న్యాయం కాదనీ రిచర్డ్ కోహెన్‌తో చెప్పి పంపాడు. కోహెన్ ఆ మాటను తొమ్మిదిమంది న్యాయమూర్తుల ముందు యథాతథంగా వినిపించాడు.

చీకటిహాలు:

నల్లకోటు గారు ఇంత వివరంగా రాశాక, ఇదే సమాచారాన్ని సినిమాలో పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. సెక్షన్లు, తేదీలు, అప్పీళ్లు కలిపి చక్కటి పాఠం అయ్యేది. అందులో రిచర్డ్, మిల్‌డ్రెడ్ కక్షిదారుల వరసలో బెంచీ మీద కూర్చున్న బొమ్మలయ్యేవాళ్లు. నికల్స్ ఆ పాఠాన్ని తీయదలచుకోలేదు. పైగా ఈ దంపతుల మీద 2011లోనే నాన్సీ బుయిర్స్కీ తీసిన డాక్యుమెంటరీ ఉంది, ఈ సినిమాకు ఆధారమూ అదే. ఆనాటి న్యాయవాదుల మాటలూ, దంపతుల అసలు ముఖాలూ అందులో దొరుకుతాయి. కోర్టు కావాలనుకున్నవారు దానికి వెళ్లవచ్చు.

వెన్నెలవాకిలి గారూ, మీరు ‘ఇటుకలు కనిపించాయి’ అని ఫిర్యాదుగా రాశారు గానీ, మీరు సినిమాను సరిగ్గానే చూశారని నాకు అనిపించింది. మొదటి దృశ్యం గుర్తు తెచ్చుకోండి. చీకట్లో అరుగు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. కెమెరా చాలాసేపు మిల్‌డ్రెడ్‌గా నటించిన రూత్ నెగ్గా ముఖం మీదే ఉంటుంది. తాను గర్భవతినని ఆమె చెబుతుంది. ఆ తర్వాత అతడేమంటాడో తెలియని విరామం ఒకటి వస్తుంది. ఆ విరామంలో ఆమె కళ్లలో భయం పూర్తిగా పైకి రాదు, లోపలే కొట్టుకుంటూ ఉంటుంది. అప్పుడు రిచర్డ్‌గా నటించిన జోయెల్ ఎడ్జర్టన్ నెమ్మదిగా, మంచిదే, చాలా మంచిదే అన్నట్టు ఒక్క ముక్క అంటాడు. పెళ్లి గురించి ఆ మనిషి అభిప్రాయం మొత్తం అందులోనే ఉంది. ఆ తర్వాత ఒక ఖాళీ పొలంలోకి తీసుకెళ్లి, ఈ ఎకరం కొన్నాను, ఇక్కడ నీకు ఇల్లు కడతాను అంటాడు. ఇంతకు మించిన వాదన అతనికి చేతకాదు. అతనికి వచ్చింది తాపీపని. దారం కట్టి, మాలు పరిచి, ఇటుక మీద ఇటుక పేర్చి, తాపీతో అంచులు గీకే ఆ చేతులను నికల్స్ పదేపదే దగ్గరగా చూపించడం ఊరికే కాదు. ఈ మనిషి తన భార్య కోసం ఏదైనా చేయగలడంటే అది ఇల్లు కట్టడమే, రాష్ట్రం సరిగ్గా ఆ ఒక్క పనినే చేయనివ్వడం లేదు. ‘లైఫ్’ పత్రికలో వాళ్ల గురించి కథనం వచ్చాక, అతడు పని ముగించి కారు దగ్గరికి వచ్చేసరికి ఆ పత్రిక కాగితం చుట్టిన ఇటుక ఒకటి సీటులో కనిపిస్తుంది. రోజంతా చేతుల్లో తిరిగే వస్తువే బెదిరింపుగా మారి ఎదురైతే ఎలా ఉంటుందో ఆ ఒక్క చూపులో తెలుస్తుంది, దానికి సంభాషణ అక్కరలేదు.

ఆ పత్రిక కోసం గ్రే విల్లెట్ అనే ఫొటోగ్రాఫర్ 1965లో నిజంగానే వాళ్లింట్లో కొన్నాళ్లు గడిపి ఫొటోలు తీశాడు. మైకేల్ షానన్ పోషించిన పాత్ర అదే. మిల్‌డ్రెడ్ ఒడిలో తల పెట్టుకుని టీవీ చూస్తూ రిచర్డ్ నవ్వుతున్న ఫొటోను సినిమాలో మళ్లీ యథాతథంగా పేర్చారు. దర్శకుడు ఈ సినిమా స్వరాన్ని ఆ ఫొటోలోంచే పట్టుకున్నాడని నేను అనుకుంటాను. ఒక నేరం జరుగుతుండగా తీసిన ఫొటో అది, చూస్తే మాత్రం ఆదివారం రాత్రి ఇంట్లో ఇద్దరు మనుషులు కనిపిస్తారు అంతే.

మీ అమ్మగారి ప్రశ్న మాత్రం సబబే. రిచర్డ్ ఎప్పుడు నోరు విప్పుతాడు? ఒకసారి విప్పుతాడు, రాత్రి పక్క మీద, కన్నీళ్లతో, నిన్ను నేను చూసుకోగలను అని మిల్‌డ్రెడ్‌తో అంటాడు. కోర్టులో చెప్పాల్సిన ప్రసంగం అదే, కాకపోతే వినాల్సిన మనిషి ముందు చెప్పాడు. నిజానికి ఈ సినిమాలో ముందుకు నడిపేది ఆమె. ఉత్తరం రాసేది ఆమె, విలేకరులను ఇంట్లోకి రానిచ్చేది ఆమె, ఫోన్ ఎత్తేది ఆమె. రిచర్డ్‌కు కెమెరాలంటే చిరాకు, న్యాయవాదులంటే అనుమానం. రూత్ నెగ్గాకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది గొంతు పెంచినందుకు కాదు, మొదటి సగంలో కిందికి వాలిన చూపును రెండో సగంలో ఒక్కో అంగుళం చొప్పున పైకి ఎత్తినందుకు.

మూడోవరస:

పై ఇద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తూనే, చీకటిహాలు గారు నిగ్రహం అని మెచ్చుకున్న చోట ఒక తప్పించుకోవడం కూడా ఉందని చెప్పదలిచాను. సినిమా ఈ దంపతులకు దగ్గరగా వెళ్లే కొద్దీ, వాళ్లను అరెస్టు చేసిన యంత్రాంగం మసకబారిపోయింది. చివరికి చెడ్డవాడంటే ఆ షరీఫ్ ఒక్కడే మిగులుతాడు. పిచ్చుకను పిచ్చుకగా, పాలపిట్టను పాలపిట్టగా దేవుడు చేశాడన్నట్టు అతను మాట్లాడుతుంటే, ఇది ఒక పల్లెటూరి మూర్ఖుడి కథ అనిపిస్తుంది. (అక్కడి పిట్టకు మన పాలపిట్ట సరిపోదని తెలుసు, దగ్గరి మాట దొరకలేదు.)

అసలు కథ మూర్ఖులది కాదు, చదువుకున్నవారిది. వర్జీనియా ‘జాతి సమగ్రత చట్టం’ 1924 మార్చి 20న వచ్చింది. అదే రోజున, మానసికంగా ‘పనికిరానివారు’ అని ముద్రవేసిన మనుషులకు బలవంతంగా సంతానం లేకుండా శస్త్రచికిత్స చేసే చట్టం కూడా వచ్చింది. రెండూ ఒకే ఆలోచనకు పుట్టిన కవలలు. మనుషుల్లో మేలురకం, నాసిరకం ఉంటాయనీ, ప్రభుత్వమే విత్తనం ఏరాలనీ డాక్టర్లూ, ప్రొఫెసర్లూ నమ్మిన కాలమది. రాష్ట్ర జనన మరణాల రిజిస్ట్రార్‌గా 1912 నుంచి 1946 వరకు ఉన్న వాల్టర్ ప్లెకర్ స్వయంగా వైద్యుడు. తెల్లవారు కానివారందరినీ ఒకే గాటన కట్టి, ఆదివాసులను కూడా ‘కలర్డ్’ అని రాయించి, కాగితాల మీద వాళ్లను లేకుండా చేయడానికి అతను దశాబ్దాలు శ్రమించాడు. ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. పదహారో వంతుకు మించని ఆదివాసి రక్తం ఉన్నవారు తెల్లవారికిందే లెక్క. ఎందుకంటే వర్జీనియాలోని పెద్దపెద్ద కుటుంబాలు తాము పోకహాంటస్ అనే ఆదివాసి నాయకుడి కూతురి వంశంలో పుట్టామని గొప్పగా చెప్పుకునేవి. వాళ్ల గొప్పకు చట్టం అడ్డురాకూడదు కదా.

ఇది మన కథకు ఎందుకు ముఖ్యమంటే, మిల్‌డ్రెడ్‌కు నల్లజాతి మూలాలతో పాటు ఆదివాసి మూలాలూ ఉన్నాయి. వాషింగ్టన్ పెళ్లి కాగితాల్లో ఆమె జాతి గడిలో ‘ఇండియన్’ (అంటే అమెరికా ఆదివాసి) అనే ఉంది, వర్జీనియా కోర్టు కాగితాల్లో ‘కలర్డ్’ అయింది. అంటే ఆ రెండు ఊళ్ల మధ్య రోడ్డు మీద ప్రయాణిస్తుండగా ఆమె పెళ్లి చెల్లుబాటు ఒక్కటే కాదు, ఆమె ఎవరన్నది కూడా మారిపోయింది. ఇంత బలమైన విషయాన్ని సినిమా అంచున తాకి వదిలేసింది. వాళ్ల ఊరు సెంట్రల్ పాయింట్ కూడా అంతే. అక్కడ తరతరాలుగా తెల్లవారూ, నల్లవారూ, ఆదివాసులూ కలగలిసి బతికారు. రిచర్డ్ తండ్రి పాతికేళ్ల పాటు ఒక సంపన్న నల్లజాతి రైతు దగ్గర పనిచేశాడు. మొదట్లో కార్ల పందేల దృశ్యంలో ఆ కలగలుపు కాస్త కనబడుతుంది గానీ, ఊరు అంత మామూలుగా ఎలా ఉండగలిగింది, రాష్ట్రం అంత క్రూరంగా ఎలా ఉండగలిగింది అన్న ప్రశ్నను సినిమా అడగదు.

మాటల గురించి కూడా ఒకటి. ఈ చర్చలో ‘జాత్యంతర వివాహం’ అని వాడుతున్నాం, బాగానే ఉంది. ‘వర్ణాంతరం’ అని రాస్తే చదివేవారి మనసు వెంటనే వేరే చోటికి వెళ్లిపోతుంది, అది ఈ సినిమాకు నప్పదు.

మరోపక్క, సినిమాలో నాకు అన్నిటికంటే ధైర్యంగా తోచిన సన్నివేశాన్ని ఇద్దరూ ప్రస్తావించలేదు. బారులో నల్లజాతి మిత్రుడొకడు రిచర్డ్‌తో, ఇప్పుడు మా బతుకు ఎలా ఉంటుందో నీకు తెలిసింది, కానీ నీకు బయటపడే దారి ఉంది, విడాకులిస్తే చాలు అన్నట్టు మాట్లాడతాడు. మిత్రుడు తిట్టడు, ఉన్నమాట చెబుతాడు. రిచర్డ్ దగ్గర జవాబు ఉండదు. ఒకే శిక్ష ఇద్దరికీ సమానంగా పడలేదన్న సంగతి, నల్లకోటు గారు చెప్పిన ‘ఇద్దరికీ సమానమే’ వాదనకు సరైన జవాబు, కోర్టులో కాకుండా ఆ బారులో దొరుకుతుంది. అరెస్టయిన తర్వాత కూడా రిచర్డ్ ముందు బయటికి వచ్చాడు, గర్భవతి అయిన మిల్‌డ్రెడ్ జైలులోనే ఉండిపోయింది.

నల్లకోటు:

మూడోవరస గారి మాటకు ఒక చేర్పు. సుప్రీంకోర్టులో ఆ రోజు లవింగ్ దంపతుల పక్షాన మాట్లాడినవారు కోహెన్, హర్ష్‌కాప్ ఇద్దరే కాదు. జపనీస్ అమెరికన్ పౌరుల సంఘం తరఫున విలియం మరుతానీ కూడా వాదించారు. నల్ల, తెల్ల అన్న రెండు గడుల్లో ఇమడని మనుషులను ఈ చట్టాలు ఎలా చూస్తాయన్న ప్రశ్నను కోర్టు ముందుకు తెచ్చింది ఆయనే. సినిమాలో దానికి చోటు దొరకలేదు.

తీర్పుతో కథ ముగిసిందని సినిమా చూసినవారు అనుకుంటారు గానీ, కాగితం అంత తొందరగా చెరగదు. అమలు కాని ఆ నిషేధం అలబామా రాజ్యాంగంలో 2000 సంవత్సరం దాకా అక్షరాలా ఉండిపోయింది. తొలగించడానికి ఓటింగ్ పెడితే, ఓటు వేసినవారిలో దాదాపు 40 శాతం మంది ఉంచమన్నారు. ఇంకోవైపు చూస్తే, అభిప్రాయ సేకరణ జరిపే గ్యాలప్ సంస్థ 1958లో అడిగినప్పుడు తెల్లవారికీ నల్లవారికీ మధ్య పెళ్లిని ఆమోదించినవారు అమెరికాలో 4 శాతం, 2021లో 94 శాతం. తీర్పు వచ్చిన 1967లో న్యాయమూర్తులు ప్రజాభిప్రాయం వెనుక నడవలేదని మాత్రం దీన్నిబట్టి చెప్పవచ్చు.

వెన్నెలవాకిలి:

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక ఈ సాయంత్రం సినిమాను మళ్లీ పెట్టాను. అమ్మ కూరగాయలు ముందేసుకుని పక్కనే కూర్చుంది. ఈసారి మొదటి దృశ్యంలో ఆ విరామం వచ్చినప్పుడు ఆమె చేతిలోని కత్తిపీట పని ఆగింది. మొదటిసారి చూసినప్పుడు మేమిద్దరం అక్కడ మాట్లాడుకుంటూ ఉన్నామని ఇప్పుడు గుర్తొచ్చింది.

మూడోవరస గారూ, మీ అభ్యంతరాన్ని ఒప్పుకుంటున్నాను. ‘ఇండియన్’ నుంచి ‘కలర్డ్’ అయిన ఆ గడి గురించి తెలిశాక సినిమాలో దాని లోటు నాకూ కనిపించింది. అయినా ‘కోర్టు ఎక్కడ?’ అని అడిగిన నా ప్రశ్నను మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ఫోన్ వచ్చాక మిల్‌డ్రెడ్ ముఖం చూస్తే తీర్పు అక్కడే ఉంది.

నాకు మిగిలిన సందేహం అమ్మది. చివరి దృశ్యంలో ఆ ఎకరంలో రిచర్డ్ గోడ లేపుతుంటాడు కదా, “ఇల్లు పూర్తయిందా?” అని అడుగుతోంది.

చీకటిహాలు:

పూర్తయిందని అమ్మగారికి చెప్పండి. తీర్పు తర్వాత సెంట్రల్ పాయింట్‌లోనే ఇల్లు కట్టుకుని ముగ్గురు పిల్లలతో ఉన్నారు. 1975లో తాగి కారు నడిపిన ఒకడు వాళ్ల కారును ఢీకొట్టడంతో రిచర్డ్ చనిపోయాడు. మిల్‌డ్రెడ్‌కు ఒక కన్ను పోయింది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు, 2008 మేలో కన్నుమూసేదాకా అతను కట్టిన ఆ ఇంట్లోనే ఉంది. చివర్లో తెర మీద వచ్చే అక్షరాలను వదిలేయకండి. అతను నన్ను చూసుకున్నాడు అని ఆమె అన్న మాట అక్కడుంది, ఆ రాత్రి పక్క మీద అతను అన్నదానికి అదే జవాబు.

నల్లకోటు:

ఒక్క లెక్క. బాజీల్ విధించిన 25 ఏళ్లు 1984 జనవరికి గానీ పూర్తయ్యేవి కావు.